వంద డాలర్లలో ఏడు సెంట్లు

పీహెచ్‌డీ అయ్యాక కొన్ని నెలలు మినియాపొలిస్‌లో ఉన్నాను. ఒకరోజు సరుకులు కొన్నప్పుడు బియ్యానికీ కూరగాయలకూ పన్ను పడలేదు, సబ్బులకూ మూకుడుకూ పడింది. రశీదు పారేయబోతూ ఆగాను. ఆ వారమే లైబ్రరీలో ఉచితంగా విన్న కవయిత్రుల సభ కరపత్రం అడుగున, ఈ కార్యక్రమం రాష్ట్ర ప్రజల పన్నుతో జరుగుతోందని రాసి ఉంది. నా సబ్బుకీ ఆ కవిత్వానికీ ఉన్న సంబంధాన్ని వెతకడం అలా మొదలైంది.

2008 నవంబర్ 4న మిన్నెసోటా ఓటర్లు తమ రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించుకున్నారు. అమ్మకం పన్నును 0.375 శాతం పెంచుకోవడానికి తామే ఒప్పుకున్నారు. పోలింగుకు వచ్చినవాళ్లు ఈ ప్రశ్నను ఖాళీగా వదిలేస్తే అది 'వద్దు' కిందే లెక్క. అయినా సుమారు 56 శాతం మంది 'సరే' అన్నారు. అదీ ఆర్థిక మాంద్యం ముదురుతున్న రోజుల్లో! 2009 జులై 1న రాష్ట్ర పన్ను 6.5 నుంచి 6.875 శాతానికి పెరిగింది. ఈ పెంపు గడువు 2034 జూన్ 30.

ఇలా వచ్చిన డబ్బులో 33 శాతం అడవులకూ, చిత్తడి నేలలకూ, వన్యప్రాణుల ఆవాసాలకూ వెళ్తుంది. 33 శాతం సరస్సులు, నదులు, భూగర్భ జలాల రక్షణకు. 14.25 శాతం పార్కులకూ కాలిబాటలకూ. మిగిలిన 19.75 శాతం కళలకూ సాంస్కృతిక వారసత్వానికీ. లెక్క వేసి చూశాను. పన్ను పడే సరుకు వంద డాలర్లకు కొంటే, అందులో కళల వాటా ఏడు సెంట్ల పైచిలుకు.

కళలు ఒంటరిగా గెలవలేదు. ప్రత్యేక నిధి కావాలని మొదట ఏళ్ల తరబడి అడిగినవాళ్లు వేటగాళ్లూ, చేపలు పట్టేవాళ్లూ. కళాకారులు వాళ్లతో తర్వాత చేరారు. చివరికి బాతులూ కవితలూ ఒకే ప్రశ్నగా ఓటుకు వెళ్లాయి. ఈ డబ్బు పాత కేటాయింపులకు అదనంగా ఉండాలి తప్ప వాటి బదులు వాడకూడదని కూడా రాసుకున్నారు. మా అమ్మ పోపుల డబ్బాలో దాచిన డబ్బు గుర్తొచ్చింది. అది ఇంటిఖర్చులో కలవకుండా ఎంత జాగ్రత్తపడేదో!

అలాగని మురిసిపోలేను. అమ్మకం పన్ను భారం బీదవాళ్ల మీదే ఎక్కువ. తిండికీ బట్టలకూ మినహాయింపు ఉండటం వల్ల ఆ భారం తగ్గుతుందే గానీ పోదు. ఒంటరి తల్లి కొన్న సబ్బు కూడా ఈ నిధికి చందా కడుతుంది. ఆమె పాట, ఆమె భాష ఆ నిధిలో వాటా అడగగలవా? దరఖాస్తు రాసే తీరికా, అందుకు కావలసిన ఇంగ్లీషూ ఎవరికి ఉంటాయి?

ఒక జవాబు ఓజిబ్వే భాషలో దొరికింది. ఒకప్పుడు బోర్డింగ్ స్కూళ్లలో ఆ భాష మాట్లాడిన ఆదివాసీ పిల్లల్ని శిక్షించేవాళ్లు. అమెరికా ప్రభుత్వ విధానమే ఆ భాష నోరు నొక్కింది. ఇప్పుడు ఈ నిధి సాయంతో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఓజిబ్వే నిఘంటువు తయారైంది. మాట మీద నొక్కితే పెద్దవాళ్ల గొంతులు వినిపిస్తాయి. వాటిలో స్త్రీల గొంతులూ ఉన్నాయి. నీళ్లలో పండే అడవి బియ్యాన్ని వాళ్లు 'మనోమిన్' అంటారు. నీళ్లు పాడైతే ఆ పంట పోతుంది. పంట పోతే దాని చుట్టూ అల్లుకున్న మాటలు ఎన్నాళ్లు నిలుస్తాయి? నీటికీ భాషకూ ఒకే పన్ను ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

పోగొట్టిన భాషకు ఇది పరిహారమని అనలేను. కానీ ఇది దానం మాత్రం కాదు. ఆ మాటలు కాపాడుతున్న పెద్దవాళ్లలో కూడా సబ్బు కొన్నప్పుడు ఈ పన్ను కట్టినవాళ్లు ఉంటారు.

పరిశోధన రోజుల్లో ఒక చిన్న గ్రాంటు కోసం నేను రాసిన దరఖాస్తు ఈమధ్య కాగితాల్లో బయటపడింది. ఒకే పేజీలో 'దయచేసి' అని నాలుగుసార్లు రాశాను. సబ్బుకీ, పెన్నుకీ, సినిమా టికెట్టుకీ పన్ను కడుతూనే పెరిగిన నేను, ఆ ప్రజాధనాన్ని ఎవరి సొమ్మో అనుకుని అడిగాను. ఇకమీదట దరఖాస్తు రాసేటప్పుడు ఆ మినియాపొలిస్ రశీదు ఎదురుగా పెట్టుకుంటాను.