సర్వరు జవాబు – తెలుగు అక్షరాల భద్రత

వెబ్‌సైటులో మీట నొక్కగానే మన బ్రౌజరు దూరాన ఉన్న సర్వరుకు ఒక విన్నపాన్ని పంపుతుంది. సర్వరులోని ప్రోగ్రాము దానిని పరిశీలించి జవాబు పంపుతుంది. సర్వరులో పనిచేసే భాగాన్ని బ్యాకెండ్ అని, మన తెరపై కనబడే భాగాన్ని ఫ్రంటెండ్ అని అంటారు. ఈ రెంటి నడుమ ఉత్తరప్రత్యుత్తరాలు హెచ్.టి.టి.పి. అనే నియమావళి ప్రకారం సాగుతాయి. సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ దీనిని రూపొందించారు.

జవాబులో మూడు భాగాలుంటాయి.

మొదటిది స్థితి సంఖ్య. 200 అంటే పని సక్రమంగా జరిగినదని, 404 అంటే అడిగినది దొరకలేదని అర్థం. 4తో మొదలయ్యే సంఖ్యలు విన్నపంలోని లోపాన్ని, 5తో మొదలయ్యేవి సర్వరు వైపు లోపాన్ని సూచిస్తాయి. కనుక 500 కనబడినపుడు దరఖాస్తుదారు తన తప్పని భావించనవసరం లేదు. అయితే రుసుము చెల్లించే వేళ 500 గాని 504 గాని వస్తే, సొమ్ము జమ అయినదో లేదో చూచుకొనకుండా మరల చెల్లించరాదు. పని పూర్తయిన తరువాత కూడా జవాబు మన వరకు చేరకపోవచ్చు.

రెండవది శీర్షికలు. మూటపై కట్టిన చీటీ వలె, లోపల ఉన్నది ఏమిటో, ఎంతో ఇవి తెలుపుతాయి.

మూడవది అసలు విషయం. నేడు దీనిని తరచుగా జేసన్ అనే రూపంలో పంపుతారు.

తెలుగువారికి రెండవ భాగం మిక్కిలి ముఖ్యం. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరానికి 1 బైటు చాలును; తెలుగు సంకేతం ఒక్కొక్కటికి 3 బైట్లు కావలెను. ‘తెలుగు’ అనే మాటలో త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం కలిసి 6 సంకేతాలు, అనగా 18 బైట్లు. ప్రోగ్రాము రాసేవారు పొరపాటున చీటీపై 6 అని రాస్తే ‘తె’ మాత్రమే చేరి తక్కినది తెగిపోతుంది. వెబ్ పుటకు లిపి పద్ధతిని ఎక్కడా పేర్కొనకపోతే అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు కనబడవచ్చు.

ఆంగ్లంలో మాత్రమే పరీక్షించిన వారికి ఈ లోపాలు కంటబడవు. కన్నడ, తమిళ, ఒడియా, దేవనాగరి లిపులకు కూడా సంకేతానికి 3 బైట్లే. కావున సరిహద్దు ప్రాంతపు వెబ్‌సైటుకు ఇది రెండు భాషల సమస్య.

ఈ విద్య నేర్చుకొనే మన పిల్లలు మూడు నియమాలు పాటించాలి. నిజమైన స్థితి సంఖ్యనే పంపాలి. యూటీఎఫ్-8 అని చీటీపై స్పష్టంగా రాయాలి. తమ పేరును తెలుగులో రాసి, అది చెక్కుచెదరక తెరపైకి తిరిగి వచ్చినదా అని పరీక్షించాలి.