యాభై వస్తే పాసు

పోయిన నెలలో ఓ శనివారం పొద్దున, ఇక్కడ మిసిసాగాలో నేనింకా కాఫీ కూడా కలుపుకోకముందే, హైదరాబాదు నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఆ రోజు వాడి పుట్టినరోజు. నేను శుభాకాంక్షలు చెప్పేలోపే, "అన్నయ్యా, ముప్ఫై నిండాయి. ఐదు పాయింట్లు పోయాయి," అన్నాడు. నవ్వుతూనే మొదలుపెట్టాడు గానీ చివర్లో గొంతు మారింది. "నిన్నటికీ ఇవాళ్టికీ నాలో ఏం తగ్గిందంటావ్?"

ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను. నిజానికి 2017లో నేనూ ఇదే లెక్కలో పడి గిలగిల్లాడినవాణ్ణే. ఈ పాయింట్లు ఎవరు మొదలుపెట్టారు, ఎందుకు పెట్టారు అని అప్పట్లో ఒక్కసారి కూడా అనుకోలేదు. వచ్చి స్థిరపడ్డాక, తీరికగా చదివితే తెలిసిన సంగతులివి. ఫోన్లో వాడికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

పాయింట్లు లేని రోజుల్లో కెనడా గుమ్మం దగ్గర చూసింది మనిషి ఏ దేశంవాడు, ఏ రంగువాడు అన్నదే. 1908లో ఒక నిబంధన తెచ్చారు: పుట్టిన దేశం నుంచి మధ్యలో ఎక్కడా ఆగకుండా, ఒకే టికెట్టు మీద ప్రయాణం చేసి వచ్చినవాళ్లకే ప్రవేశం. అందులో భారతీయులన్న మాటే లేదు. కానీ ఇండియా నుంచి అలా నేరుగా వచ్చే ఓడ లేదు. మాట అనకుండానే పని జరిగిపోయింది. (ఇలాంటి కండిషన్లు రాసేవాళ్లు మా ప్రోగ్రామర్లలో కూడా ఉంటారు.) 1914లో కొమగటా మారు అనే ఓడ 376 మందితో వాంకూవర్ చేరింది. అందులో ఎక్కువ మంది పంజాబీలు. రెండు నెలలు రేవులోనే ఆపి, ఇరవై పైచిలుకు మందిని మినహా అందర్నీ వెనక్కి పంపారు. 1947లో ప్రధాని మెకెంజీ కింగ్ పార్లమెంటులో నిలబడి, తూర్పు దేశాల నుంచి పెద్ద ఎత్తున జనం వస్తే కెనడా జనాభా స్వరూపమే మారిపోతుందని బాహాటంగా చెప్పాడు. 1951లో మన దేశానికి ఒక కోటా ఇచ్చారు. ఏడాదికి 150 మంది. అంటే మూడు ఆర్టీసీ బస్సులకి సరిపడా జనం, మొత్తం ఇండియా నుంచి, ఏడాదంతా కలిపి. తర్వాత దాన్ని 300 చేశారు.

1962లో ఎలెన్ ఫెయిర్‌క్లఫ్ అనే మంత్రి ఈ కోటాల పద్ధతిని చాలావరకు తీసేసి, చదువూ నైపుణ్యమూ చూసి రానిస్తామని నిబంధనలు మార్చారు. మంచిదే. అయితే నైపుణ్యం ఉందో లేదో తేల్చేదెవరు? బల్లకి అవతల కూర్చున్న అధికారి. ఆయనకి కొలబద్ద ఏదీ లేదు. ఒకే చదువు, ఒకే అనుభవం ఉన్న ఇద్దరిలో ఒకరికి అవునని, ఒకరికి కాదని చెప్పినా అడిగేవాళ్లు లేరు.

ఈ చిక్కు విప్పడానికే పాయింట్లు పుట్టాయి. 1966లో మాన్‌పవర్ అండ్ ఇమ్మిగ్రేషన్ అని కొత్త శాఖ పెట్టారు. (పేరు చూడండి. మనుషులు కాదు, మాన్‌పవర్.) జాన్ మార్షాన్ మంత్రి, టామ్ కెంట్ ఆ శాఖకి పెద్ద అధికారి. 1967 అక్టోబరు 1న కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. మొత్తం నూరు మార్కులు. యాభై వస్తే పాసు. చదువుకి 20, ఆ పనికి దేశంలో ఉన్న గిరాకీకి 15, పనిలో నైపుణ్యానికి 10, వయసుకి 10, ఇంగ్లీషు ఫ్రెంచి భాషలకి 10, చేతిలో ఉద్యోగం ఉంటే 10, అక్కడ బంధువులుంటే 5, వెళ్లే ఊళ్లో పనులు దొరికే వీలుంటే 5. అన్నీ కూడితే 85 అవుతాయి. మిగిలిన 15 అధికారి చేతిలో ఉంచారు. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడి, ఈ మనిషి కొత్తచోట ఇమడగలడా, చొరవ ఉందా అని చూసి ఆయన వేసే మార్కులవి.

ఓ రోజు ఊరికే, 1967లో నేను దరఖాస్తు పెట్టి ఉంటే ఎన్ని వచ్చేవో లెక్కేశాను. చదివిన ఏడాదికొక మార్కు కాబట్టి ఇంటరుకి పన్నెండు, బీటెక్‌కి నాలుగు, మొత్తం 16. వయసు 35 లోపు కాబట్టి 10. ఇంగ్లీషుకి 5. ఇవి కలిపితే 31. ఇంకో 19 కావాలి. అవి నా పనికున్న గిరాకీ నుంచి, నైపుణ్యం నుంచి, ఆ అధికారికి నా మీద కలిగిన అభిప్రాయం నుంచి రావాలి. ముఖం చూసి తేల్చే పద్ధతి పూర్తిగా పోలేదన్నమాట. కాకపోతే నూటికి పదిహేను దగ్గర కట్టేశారు. ఇది చిన్న విషయం కాదు. 1960ల్లో ఇక్కడికి వచ్చినవాళ్లలో యూరపువాళ్లే ఎక్కువ. 1970ల చివరికి ఆసియావాళ్లు ముందుకొచ్చారు. ఈ లెక్కలో ఏ దేశానికీ కోటా లేదు. అమెరికాలో ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం దాటకూడదన్న పరిమితి ఇప్పటికీ ఉంది. అక్కడ ఏళ్ల తరబడి లైన్లో ఉన్న మన తెలుగువాళ్లకి ఆ తేడా ఏమిటో నేను చెప్పక్కర్లేదు. తర్వాత ఆస్ట్రేలియా 1979లో, న్యూజీలాండ్ 1991లో ఈ దారే పట్టాయి.

మా ఊళ్లో నాతో పదో తరగతి చదివి, ఐటీఐ చేసి ఏసీ మెకానిక్ అయిన స్నేహితుడొకడున్నాడు. 1967 లెక్కలో పనికి గిరాకీ, నైపుణ్యం కలిపి 25 మార్కులు కాబట్టి, తన పనికి ఇక్కడ కొరత ఉన్న ఏడాది వాడు నాకంటే ముందుండేవాడేమో. 2002లో కొత్త చట్టం వచ్చాక ఏ పనికి గిరాకీ ఉందన్న లెక్క పోయి డిగ్రీలకీ భాషకీ బరువు పెరిగింది. పాసు మార్కు 75 అన్నారు, మరుసటేడు 67కి దించారు. చేతిపనివాళ్లకి వేరే దారి తెరిచింది 2013లో.

అసలు చిక్కు ఇంకొకటుంది. పాసు మార్కు పెడితే పాసైన వాళ్లందర్నీ తీసుకోవాలి. ఏడాదికి ఇచ్చే వీసాలేమో ఇన్నే. పదో తరగతి పరీక్ష పెట్టి, పాసైన అందరికీ ఒకే కాలేజీలో సీటిస్తానన్నట్టు! ఫైళ్లు పేరుకుపోయాయి. చివరికి 2012లో, 2008 ఫిబ్రవరి 27కి ముందు పెట్టుకుని ఇంకా తేలని దరఖాస్తులన్నీ ఒక్క చట్టంతో మూసేశారు. కుటుంబసభ్యులతో కలిపి సుమారు 2,80,000 మంది. ఫీజులు తిరిగిచ్చారు. కానీ ముప్ఫై నాలుగో ఏట దరఖాస్తు పెట్టినవాళ్లకి అప్పటికి నలభై వచ్చేసింది. మళ్లీ కొత్తగా పెడితే వయసు మార్కులు కోతే.

2015 జనవరిలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ వచ్చింది. ఒక్క మాటలో చెప్పాలంటే పదో తరగతి పోయి ఎంసెట్ వచ్చింది. మొత్తం 1200. ముందు అర్హత ఉన్నవాళ్లందరూ ఒక చోట చేరతారు. ప్రభుత్వం వీలైనప్పుడల్లా పైనుంచి కొంతమందిని పిలుస్తుంది. చివర పిలిచినవాడి మార్కే ఆ రోజు కటాఫ్. ఇందులో పాసవడమంటూ ఏదీ లేదు. ఆ రోజు పక్కవాళ్లకెన్ని వచ్చాయన్నదే లెక్క.

ఐఈఎల్‌టీఎస్ మొదటిసారి రాసినప్పుడు నాకు మిగతా మూడింట్లో కావలసినవి వచ్చి, రైటింగులో 6.5 వచ్చింది. స్కోరు 384. రెండోసారి అదే రైటింగులో 7 వచ్చింది. స్కోరు 429. అర బ్యాండుకి 45 పాయింట్లు! ఎందుకంటే నాలుగింట్లోనూ ఆ మెట్టు దాటితే భాష మార్కులు పెరగడమే కాదు, డిగ్రీకీ అనుభవానికీ భాషతో ముడిపెట్టి ఇచ్చే మార్కులు కూడా దాదాపు రెట్టింపవుతాయి. 2017 ఏప్రిల్లో కటాఫ్ 423కి దిగినప్పుడు నాకు పిలుపొచ్చింది. నా తెలివి వల్లే వచ్చిందని చాలాకాలం అనుకున్నాను. ఇంట్లోవాళ్లకీ అలాగే చెప్పాను. అదే 429తో ఇప్పుడు నిలబడితే మామూలు దారిలో నన్నెవరూ పిలవరు. కటాఫ్ 500 దాటి చాలా రోజులైంది. ఇంకో వింత చూడండి. 2021 ఫిబ్రవరి 13న, కరోనా వల్ల బయటివాళ్లు రాలేని రోజుల్లో, అప్పటికే ఇక్కడ పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లని ఒకేరోజు 27,332 మందిని పిలిచారు. ఆ రోజు కటాఫ్ 75. అంతకుముందు గానీ తర్వాత గానీ ఆ అంకె ఎవరూ చూడలేదు. 2023 నుంచి ఆరోగ్యరంగం, చేతిపనులు, ఫ్రెంచి అంటూ విడివిడిగా పిలుస్తున్నారు. ఫ్రెంచి బాగా వచ్చినవాళ్లని 2025 మార్చిలో 379కే పిలిచారు.

ఇదంతా ఒక పెద్ద మెసేజ్‌గా టైపు చేసి తమ్ముడికి పంపాను. నీలో ఏమీ తగ్గలేదురా, ఇరవై తొమ్మిదికి 110, ముప్ఫైకి 105 అని వాళ్లకి కావలసిన లెక్క వాళ్లు వేసుకున్నారు, అవసరం మారితే లెక్కా మారుతుంది అని చివర్లో రాశాను. రెండు రోజులు జవాబు లేదు. పెద్దరికం ఎక్కువైందేమో అనుకున్నాను.

మొన్న వాట్సాప్‌లో ఓ ఫొటో వచ్చింది. నోటుబుక్కులో వాడి చేతిరాత, ఒకటి నుంచి ముప్ఫై దాకా అంకెలు ఫ్రెంచిలో. ముప్ఫై చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. దాన్ని 'త్రాంత్' అనాలట.