కరోడ్‌గిరీ నాకాల నుంచి కంప్యూటరు కాపలా దాకా

బెజవాడ నుంచి హైదరాబాదు పోయే బాటను 1947కు ముందరి పటంలో వేలుపెట్టి వెతికితే ఒక విడ్డూరం కనిపిస్తుంది. బెజవాడ ఇంగ్లీషువారిది. కొద్ది మైళ్ళకే వచ్చే పరిటాల, చుట్టూ కృష్ణా జిల్లా ఉన్నా, నిజాముది. నందిగామ, జగ్గయ్యపేట మళ్ళీ ఇంగ్లీషువారివి. కోదాడ నిజాముది. ఆ తరువాతి మునగాల తిరిగి కృష్ణా జిల్లాలోది. అదీ దాటితే మరల నిజాము రాజ్యం. ఒకే బాట, అయిదు సరిహద్దులు!

సరిహద్దన్నాక సుంకం ఉంటుంది. నిజాము రాజ్యంలో సుంకాల శాఖను కరోడ్‌గిరీ అనేవారు. 1802లో కుంపిణీతో కుదిరిన వర్తకపు ఒడంబడిక ఆ సుంకాన్ని నూటికి అయిదుగా నిర్ణయించింది. సుంకం ఎంత స్వల్పమైనా, బండి ఆపి మూట విప్పి చూడక తప్పదు కదా. వర్తకుడికి సుంకం ఒక ఖర్చు, ఆగిన కాలం మరొక ఖర్చు. 1947లో పరిటాల ప్రజలు తమది స్వతంత్ర గణరాజ్యమని ప్రకటించుకొన్నారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానమే భారతదేశంలో కలిసిపోయింది. కాలక్రమాన ఆ సరిహద్దులన్నీ చెరిగిపోయాయి. కానీ ఆ నాకా తగవు ఈనాటి వ్యాపార సంస్థల కంప్యూటర్లలో మళ్ళీ మొలకెత్తింది.

కంప్యూటరు వైరసులు ఫ్లాపీల మీద తిరిగిన రోజుల్లో ఫ్లాపీ పెట్టినప్పుడు ఒకసారి వెతికితే సరిపోయేది. నెట్‌వర్కులు వచ్చాక కాపలా నిరంతరమైంది. ప్రతి కంప్యూటరులోనూ కూర్చుని, తెరిచే ప్రతి ఫైలునూ, వచ్చిపోయే సమాచారాన్నీ సోదా చేసే ఈ సాఫ్టువేరుకే ఎండ్‌పాయింట్ సెక్యూరిటీ అని పేరు.

ఆలస్యం ముఖ్యంగా మూడు చోట్ల పుడుతుంది. సర్వరులోని ఫైలును మన బల్ల మీది కంప్యూటరులో తెరిస్తే సర్వరులోని కావలివాడూ చూస్తాడు, మన కావలివాడూ చూస్తాడు. అతడు చూడాలంటే ఆ ఫైలు తీగ మీదుగా ఇక్కడికి రావాలి. ఒకే మూటను రెండు నాకాల్లో విప్పినట్లే. రెండవది, సీలువేసిన ఉత్తరాల వంటి సురక్షిత వెబ్ పుటలను కొన్ని సాఫ్టువేర్లు విప్పి, చదివి, మళ్ళీ సీలు వేస్తాయి. మూడవది అప్‌డేట్లు: ఉన్న కంప్యూటర్లన్నీ ఒకే సరుకును ఎవరికి వారు బయటినుంచి మోసుకొస్తాయి.

జగ్గయ్యపేట వైపు ఒక వ్యాపార సంస్థలో నేను ఈ మూడవదాన్ని చూశాను. ఇరవై కంప్యూటర్లు, ఒకటే సన్నపాటి లైను. సరిగ్గా బిల్లులు కొట్టే వేళకే అన్నీ అప్‌డేట్లు లాగడం మొదలుపెట్టేవి. "ముందా యాంటీవైరస్సు పీకెయ్యండి సార్, లైను దానంతటదే పరుగెడుతుంది" అన్నాడు గుమాస్తా. యజమానికీ ఆ మాట నచ్చింది.

పీకేస్తే పరుగెత్తేదేమిటో చరిత్రలో ఉంది. 2003 జనవరి 25న స్లామర్ అనే పురుగు, కేవలం 376 బైట్లది, పది నిమిషాల్లో ప్రపంచమంతటా పాకి నెట్‌వర్కులను స్తంభింపజేసింది. అది డిస్కు మీద వాలనే లేదు గనుక ఫైళ్ళను మాత్రమే వెతికే కావలివాడికి చిక్కలేదు. దానికి మందైన ప్యాచి ఆరు నెలల ముందే వచ్చినా చాలామంది వేసుకోలేదు. 2017 మేలో వాన్నాక్రై వచ్చినప్పుడూ అదే కథ. ప్యాచి మార్చిలోనే వచ్చింది. అయినా ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల కంప్యూటర్లు కొన్ని దాని వాత పడ్డాయి. అంటే ఆ తాళం మా జిల్లా దాకా వచ్చి పడింది.

అలాగని కావలివాడిని గుడ్డిగా నమ్మడమూ క్షేమం కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేటు దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. 78 నిమిషాల్లో దానిని వెనక్కు తీసుకొన్నా, శంషాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇవ్వవలసి వచ్చింది. నాకాదారే బాటకు అడ్డంగా పడుకొన్నాడన్నమాట.

కనుక కాపలా ఉండాలా వద్దా అన్న తగవు నా దృష్టిలో వృథా. ఎక్కడ, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నదే అసలు ప్రశ్న. ఆ జగ్గయ్యపేట సంస్థలో చివరకు చేసినది చాలా చిన్న పని. అప్‌డేటును ఒక్క సర్వరు రాత్రిపూట తెచ్చి మిగతావాటికి లోపలే పంచుతుంది. పూర్తి సోదా కంప్యూటర్లన్నింటికీ ఒకేసారి కాక వంతులవారీగా జరుగుతుంది. సర్వరులో చూసిన ఫైలును బల్ల దగ్గర మళ్ళీ చూడటం మాన్పించాము. డేటాబేసు ఫైళ్ళకు మాత్రం, దాని తయారీదారు ఒప్పుకొన్న మేరకే మినహాయింపు ఇచ్చాము. ప్రతి మార్పుకూ ముందూ వెనుకా వేగం కొలిచాము. యాంటీవైరస్సు ఉన్నచోటనే ఉంది, బిల్లులూ కదిలాయి.

పరిటాల దాటి నందిగామ వైపు పోతే కీసర టోల్ గేటు వస్తుంది. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేసినప్పుడు ఆ గేటును ఎవరూ కూల్చలేదు; చిల్లర లెక్కపెట్టే పనిని మాత్రం అక్కడినుంచి తప్పించారు. కంప్యూటరు కాపలాకూ కావలసినది అంతే. లైను మందగించిందని కావలివాడిని పంపేసేముందు, అతడు ఒకే మూటను ఎన్నిసార్లు విప్పుతున్నాడో లెక్క చూడండి.