కొల్లేరులో నీరు రెండు అడుగులు పెరిగితే చేపలు ఎటు వెళ్తాయి?

కొల్లేరు గురించిన ఏ వివాదమైనా చివరికి 'కాంటూరు' దగ్గరికే వస్తుంది. సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తున నీరు నిలిస్తే సరస్సు ఎక్కడి దాకా పరుచుకుంటుందో చెప్పే గీత అది. మూడో కాంటూరు దగ్గర కొల్లేరు విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు. ఐదో కాంటూరుకు 308, పదో కాంటూరుకు 901. అంటే మూడో కాంటూరు నుంచి రెండు అడుగులు పెరిగితే సరస్సు రెట్టింపు దాటుతుంది. నాగార్జున సాగర్‌లో రెండు అడుగుల తేడాను చేపలు గమనిస్తాయో లేదో కానీ, పళ్లెంలాంటి కొల్లేరులో మాత్రం అవి ఎక్కడ మేయాలో, ఎక్కడ గుడ్లు పెట్టాలో తేల్చేది ఆ రెండు అడుగులే.

ఈ సరస్సు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటి ఏర్లు, డెల్టా మురుగు కాల్వలు ఇందులోకి చేరతాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు కూడా వచ్చి కలిసేది ఇక్కడే. సముద్రానికి పోయే దారి మాత్రం ఒక్కటే. అది దాదాపు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు.

వానాకాలంలో కొత్త నీరు అంచుల్లోని గడ్డి మీదకు, కిక్కిస పొదల్లోకి ఎక్కుతుంది. వేసవిలో ఎండిన నేల, పశువుల పేడ, రాలిన ఆకులు తడిసి పోషకాలను వదులుతాయి. వాటితో నాచు, నీటి పురుగులు పెరుగుతాయి. చేప పిల్లలకు మేత దొరుకుతుంది, పెద్ద చేపలకూ కొంగలకూ చిక్కకుండా దాక్కునే చోటూ దొరుకుతుంది. కొర్రమీను ఇలాంటి లోతు తక్కువ కలుపులోనే గూడు చేసుకుని, పిల్లలు ఎదిగేదాకా కాపలా కాస్తుంది.

నీరు తీసేటప్పుడు కథ తిరగబడుతుంది. చేపలు అంచులు వదిలి లోతున్న మడుగులకు, కాల్వలకు దిగాలి. నెమ్మదిగా తీస్తే దిగగలవు. ఒక్కసారిగా తీస్తే గుంటల్లో చిక్కుకుపోతాయి. అక్కడ అసలు సమస్య ఆక్సిజన్. రాత్రంతా గుర్రపు డెక్క వేళ్లు, నాచు, కుళ్లే చెత్త ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తాయి కాబట్టి తెల్లవారుజామున నీటిలో అది అట్టడుగుకు పడిపోతుంది. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి వంటి 'నల్లజాతి' చేపలు పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు. బొచ్చె, రాగండిలకు ఆ సౌకర్యం లేదు. అందుకే నీరు తక్కువున్న నెలల్లో కలుపు దట్టంగా ఉన్న చోట మొదటి రకమే ఎక్కువగా మిగులుతుంది.

వేసవిలో సరస్సు మట్టం మరీ పడిపోతే, పోటు సమయంలో ఉప్పుటేరు వెనక్కి ప్రవహించి ఉప్పు నీటిని లోపలికి తెస్తుంది. మంచినీటి చేపలకు అది నష్టమే. కానీ సముద్రంలో పుట్టి, పెరగడానికి లోపలికి వచ్చే పండుగప్పలాంటి వాటికి ఆ ఏరే దారి.

ఈ రాకపోకలకు అడ్డు పడింది చేపల చెరువుల గట్లు. 1970ల నుంచి సరస్సు గర్భంలోనే చెరువులు తవ్వారు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చాలావాటిని కొట్టేశారు, తర్వాత కొన్ని మళ్లీ వెలిశాయి. గట్ల మధ్య నీరు ఎత్తు పెరుగుతుంది కానీ వెడల్పు పెరగదు. మట్టం గేజీలో బాగానే కనిపిస్తుంది, గుడ్లు పెట్టే గడ్డి నేల మాత్రం గట్టుకు అవతలే ఉండిపోతుంది. సహజ చేపల మీద బతికే లంక గ్రామాల వలలకు ఈ నష్టం నేరుగా తగులుతుంది. కాంటూరు చర్చలో వాళ్ల మాట ఎక్కువగా వినపడదు.

అభయారణ్యం హద్దును ఐదో కాంటూరు నుంచి మూడుకు తగ్గించాలని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ అందుకు ఒప్పుకోలేదు. రెండు గీతల మధ్య ఉన్న 173 చదరపు కిలోమీటర్లు ఏడాదిలో కొన్ని నెలలు పొడిగా కనిపించవచ్చు. చేపల లెక్కలో అది ఖాళీ భూమి కాదు, వరద రోజుల్లో వాటి నర్సరీ.

మరి నీటిని ఏడాది పొడవునా ఒకే మట్టంలో నిలిపితే? మణిపూర్‌లో ఆ పని జరిగింది. ఉష్ణమండలం అంచున ఉన్న లోక్‌తక్ కూడా లోతు తక్కువ సరస్సే. జలవిద్యుత్ కోసం 1983లో ఇథాయ్ బ్యారేజీ కట్టి అక్కడ మట్టాన్ని ఎత్తున నిలిపారు. అంతకుముందు మయన్మార్ వైపు చింద్విన్ నది నుంచి మణిపూర్ నది మీదుగా ఈదుకుంటూ వచ్చే పెంగ్బా చేపకు దారి మూసుకుపోయింది. అది మణిపూర్ రాష్ట్ర చేప, ఇప్పుడు ఎక్కువగా పెంపకం చెరువుల్లోనే కనిపిస్తుంది. ఎండాకాలంలో అడుగు నేలకు ఆని పోషకాలు తీసుకోవాల్సిన తేలియాడే గడ్డి దిబ్బలు, ఫుమ్డీలు, ఏడాదంతా తేలుతూనే ఉండి పలచబడ్డాయి.

ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా ఉంది. ఉప్పు నీటిని ఆపాలన్న, వేసవిలో నీటిని నిలపాలన్న వాదనలో న్యాయం ఉంది. అయితే కాగితం మీద చూడాల్సింది ఎన్ని అడుగులు నిలుపుతారన్న అంకె ఒక్కటే కాదు. గేట్లు ఏ నెలలో తెరుస్తారు, నీటిని ఎంత వేగంగా వదులుతారు, పండుగప్ప పిల్లలు పైకి వచ్చే రోజుల్లో దారి ఉంటుందా, ఆ పట్టికను ఎవరు తయారుచేస్తారు అన్నవి కూడా.