కారు బీమా.. ప్రీమియం ఒక్కటే చూస్తే నష్టమే
షరతులు తెలుసుకుంటేనే పరిహారం

ఇడుపులపాయ (వేంపల్లె): ట్రిపుల్‌ ఐటీ విద్యార్థుల తల్లిదండ్రులు, వైఎస్సార్‌ ఘాట్‌ సందర్శకులు పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల నుంచి ఇడుపులపాయకు కార్లలో వస్తుంటారు. బీమా గడువు ముగియగానే తక్కువ ధర చెప్పిన వారి వద్ద పాలసీ తీసుకోవడం చాలామందికి పరిపాటి. ప్రమాదం జరిగాక గానీ అందులోని లోటు తెలియదు. యజమానులు ముందుగా గమనించాల్సిన అంశాలివి.

బేరం ఎక్కడ?
మోటారు వాహనాల చట్టం-1988లోని 146వ సెక్షన్‌ ప్రకారం థర్డ్‌ పార్టీ బీమా తప్పనిసరి. అది లేకుండా వాహనం నడిపితే తొలిసారి రూ.2 వేల జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. ఈ బీమా ఎదుటివారికి కలిగిన నష్టానికే వర్తిస్తుంది. సొంత కారు మరమ్మతుకు పైసా రాదు. దీని ప్రీమియాన్ని కేంద్ర ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. 2022 జూన్‌ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ వరకు కార్లకు రూ.2,094, 1500 సీసీ వరకు రూ.3,416, ఆపైన రూ.7,897గా నిర్ణయించారు. కంపెనీ మారినా ఈ భాగం మారదు. ధరలో తేడా వచ్చేది సొంత నష్టానికి సంబంధించిన ‘ఓన్‌ డ్యామేజీ’ భాగంలోనే.

పోల్చాల్సినవి
కారు చోరీకి గురైనా, పూర్తిగా ధ్వంసమైనా పాలసీలో రాసిన విలువ (ఐడీవీ) మేరకే పరిహారం లెక్కిస్తారు. ఆ విలువను తగ్గించి ప్రీమియం చవకగా చూపే వీలుంది. అందువల్ల ఒకే ఐడీవీపై రెండు మూడు కంపెనీల ధరలు అడిగి పోల్చుకోవాలి. క్లెయిము లేని ఏడాదికి 20 శాతంతో మొదలయ్యే బోనస్‌ (ఎన్‌సీబీ) వరుసగా అయిదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. గడువు దాటి 90 రోజుల్లోగా పునరుద్ధరించకుంటే ఇది పోతుంది. ప్లాస్టిక్‌, రబ్బరు భాగాల ఖర్చులో సాధారణంగా సగం కోత పడుతుంది. ‘జీరో డిప్రిసియేషన్‌’ తీసుకుంటే ఆ కోత ఉండదు.

బాడుగకు తిప్పితే..
తెల్ల నంబరు ప్లేటు కారుకు సొంత వినియోగం కిందే పాలసీ ఇస్తారు. దానిని బాడుగకు పంపినప్పుడు ప్రమాదం జరిగితే కంపెనీ క్లెయిమును తిరస్కరించవచ్చు. ఎదుటివారికి కంపెనీ చెల్లించినా, ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకోవాలని ట్రైబ్యునల్‌ ఆదేశించే అవకాశం ఉంది. పాలసీలో మిగిల్చుకున్న వేయి రూపాయల కంటే అది ఎన్నో రెట్ల భారం.

ఫిర్యాదు ఇలా..
పరిహారంపై అభ్యంతరం ఉంటే ముందుగా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. 30 రోజుల్లో స్పందన రాకున్నా, సమాధానం సంతృప్తికరంగా లేకున్నా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఇందుకు రుసుము గానీ, న్యాయవాది గానీ అవసరం లేదు. బీమా నియంత్రణ సంస్థ టోల్‌ఫ్రీ నంబరు 155255కు ఫోన్‌ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేసుకోవచ్చు.