గుర్రం నెత్తురులో ఎవాన్స్ చూసింది

మా బడిలో సూక్ష్మదర్శిని ఒక్కటే. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలు దాని ముందు బారులు తీరి, కన్ను ఆనించి, "ఏమీ లేదు సార్" అని పక్కకు తప్పుకుంటారు. ఏం వెతకాలో కొందరికి తెలుగులో, కొందరికి కన్నడంలో చెప్పి మళ్ళీ చూడమంటాను. ఆ సందర్భంలోనే వాళ్ళకు గ్రిఫిత్ ఎవాన్స్ సంగతి చెబుతుంటాను. మీరూ వినండి.

ఎవాన్స్ వేల్స్ దేశస్థుడు, బ్రిటిషు సైన్యంలో పశువైద్యుడు. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న డేరా ఇస్మాయిల్ ఖాన్ ప్రాంతంలో గుర్రాలు, ఒంటెలు సర్రా అనే జబ్బుతో చనిపోతుంటే, కారణం కనుక్కోమని 1880లో ఆయనను పంపారు. ఈ జబ్బులో జ్వరం వస్తుంది, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. కాళ్ళకు నీరు దిగుతుంది. మేత తింటూనే జంతువు చిక్కి శల్యమవుతుంది.

ఎవాన్స్ నెత్తురు చుక్కను గాజు పలక మీద వేసి చూశాడు. గుర్రం ఎర్రకణం గుండ్రంగా ఉంటుంది, ఒంటెది కోలగా ఉంటుంది, కోడి ఎర్రకణంలోనైతే కేంద్రకం కూడా ఉంటుంది. ఏ జంతువుకు ఏది మామూలో తెలిసినవాడికే కొత్తది కంటపడుతుంది. ఆయనకు కనిపించింది సన్నగా, మెలికలు తిరుగుతూ ఎర్రకణాలను అటూ ఇటూ నెడుతున్న జీవి. ఎర్రకణం వెడల్పుకు దాదాపు నాలుగింతల పొడవు!

జబ్బుకు కారణం ఇదే అన్నాడు. పైవాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళ వాదనకూ ఆధారం ఉంది లెండి. అంతకు కొద్దికాలం ముందే కలకత్తాలో టిమతీ లూయిస్ ఇలాంటి జీవులను ఎలుకల నెత్తురులో చూశాడు. ఆ ఎలుకలు హాయిగా తిరుగుతున్నాయి. ఎవాన్స్ మాత్రం జబ్బుపడిన జంతువు నెత్తురును ఆరోగ్యంగా ఉన్నవాటికి ఎక్కించి, వాటికీ జబ్బు రావడం చూశాడు. 1885లో బర్మా కంచరగాడిదల్లో అదే జీవిని చూసిన జాన్ స్టీల్ దానికి ఎవాన్స్ పేరే పెట్టాడు. ఎవాన్స్‌కు లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య విద్యాలయం వారి పతకం దక్కింది 1917లో, ఎనభై దాటాక. నూరేళ్ళూ బతికాడు కాబట్టి సరిపోయింది!

జోరీగలు ఈ జబ్బును మోసుకుపోతాయని 1901లో లియొనార్డ్ రోజర్స్ ప్రయోగం చేసి చూపించాడు. కణాలనూ పరాన్నజీవులనూ తేటగా చూపే లీష్మన్ రంగు వచ్చిందీ ఆ ఏడే. మన పశువైద్యశాలల్లో ఇప్పటికీ అది వాడతారు.

మహారాష్ట్రలో ఉన్న మనవాళ్ళకు ఇంకో మాట. 2004లో చంద్రపూర్ జిల్లాలో పశువులు పెంచే ఒక రైతుకు నెలల తరబడి జ్వరం వస్తూ పోతూ ఉంటే, నెత్తురు పరీక్షలో ఈ జీవే కనబడింది. మందుతో ఆయన కోలుకున్నాడు. మనుషులకు రావడం బహు అరుదు. పశువుల సంగతి వేరు. జ్వరం తగ్గిన రోజుల్లో ఈ జీవులు నెత్తురులో కనబడకుండా పోవచ్చు. ఒక్క పలక చూసి "లేదు" అంటే, లేనట్టు కాదు. అందుకని మీ గేదెకో గుర్రానికో జ్వరం వచ్చి పోతూ ఉంటే, ఒళ్ళు కాలుతున్న రోజునే నెత్తురు తీసి చూడమని డాక్టరు గారిని అడగండి.