పేగు తంత్రి, పాత వంపుగీత: అన్నర్ బైల్స్మా చెల్లో సాధన

బాక్, వివాల్డి వంటి స్వరకర్తల పాత రచనలను అవి పుట్టిన కాలపు వాద్యాల మీద, ఆ కాలంలో వాయించిన తీరులోనే వినిపించాలన్న ఆలోచన 20వ శతాబ్దపు రెండో సగంలో యూరప్‌లో ఒక ఉద్యమంగా బలపడింది. ఆ ఉద్యమానికి ఆస్ట్రియాలోని వియన్నాతో పాటు నెదర్లాండ్స్ కూడా కేంద్రమైంది. చెల్లోకు సంబంధించినంతవరకు దాన్ని ముందుండి నడిపినవారిలో డచ్చి కళాకారుడు అన్నర్ బైల్స్మా అగ్రగణ్యుడు. పాత పద్ధతికి తిరిగి వెళ్లడమంటే గతాన్ని అద్దాల బీరువాలో భద్రపరచడం కాదని, మరుగుపడిన ఒక మాటతీరును వాద్యానికి తిరిగి నేర్పడమని ఆయన జీవితం నిరూపించింది.

ఆయన చేసిన పని విలువ తెలియాలంటే ముందు చెల్లో నిర్మాణం గురించి కొంత తెలుసుకోవాలి. చెల్లో వయొలిన్ కుటుంబంలో మంద్రస్వరానికి చెందిన నాలుగు తీగల వాద్యం. వాద్యకారుడు కూర్చుని, దాన్ని మోకాళ్ల మధ్య నిలుపుకుని, కమానుతో వాయిస్తాడు. 17, 18 శతాబ్దాల్లో దీనికి గొర్రె పేగుల నుంచి తీసిన తంత్రులు బిగించేవారు. వాటిలో మంద్రస్థాయి తంత్రులకు లోహపు తీగ చుట్టడం 17వ శతాబ్దపు రెండో సగంలో మొదలై, వాద్యం పరిమాణం తగ్గడానికీ అది ఏకవాద్యంగా ఎదగడానికీ దోహదం చేసింది. ఆ తర్వాతి కాలంలో పెద్ద సభామందిరాలు వచ్చి, వాటిని నింపే నాదం కావలసి రావడంతో కమాను ఆకారం మారింది, మెడ కోణం పెరిగింది, వాద్యాన్ని నేలకు ఆనించే ఎండ్‌పిన్ అనే కడ్డీ వాడుకలోకి వచ్చింది, 20వ శతాబ్దంలో పేగు స్థానాన్ని ఉక్కు తీగ ఆక్రమించింది. దీనివల్ల నాదానికి బలం, నిలకడ పెరిగాయి. అయితే పేగు తంత్రి మీద ప్రతి స్వరం మొదట్లో హల్లు పలికినట్టు వినిపించే స్పష్టమైన స్పర్శ, ఆ వెంటనే నాదం సహజంగా సన్నగిల్లే గుణం చాలావరకు మరుగున పడ్డాయి.

బైల్స్మా 1934 ఫిబ్రవరి 17న ది హేగ్ నగరంలో జన్మించి, తొలి పాఠాలు తండ్రి వద్ద నేర్చుకుని, తర్వాత అదే నగరంలోని రాయల్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో కారెల్ ఫాన్ లేవెన్ బోమ్‌కాంప్ వద్ద చదివాడు. బోమ్‌కాంప్ చెల్లో వాద్యకారుడే కాక, చెల్లో కన్నా పాతదైన వియోలా ద గాంబా అనే మరో కమాను వాద్యాన్ని కూడా వాయించేవాడు, పాత వాద్యాలను సేకరించేవాడు. ఆధునిక శిక్షణ, ప్రాచీన వాద్యాల పరిచయం రెండూ శిష్యుడికి ఒకే గురువు వద్ద లభించాయి. 1957లో కన్సర్వేటరీ ఇచ్చే అత్యున్నత పురస్కారాన్ని, 1959లో మెక్సికోలో జరిగిన పాబ్లో కసాల్స్ పోటీలో ప్రథమ బహుమతిని అందుకున్న బైల్స్మా, 1962 నుంచి 1968 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లోని కాన్సర్ట్‌హెబౌ ఆర్కెస్ట్రాలో ప్రధాన చెల్లో వాద్యకారుడిగా పనిచేశాడు. ప్రపంచంలోని మేటి వాద్యబృందాల్లో ఒకటైన ఆ ఆర్కెస్ట్రాలో అంతటి స్థానాన్ని అందుకున్నవాడు కనుక, ఆధునిక పద్ధతి చేతకాక పాత పద్ధతిని ఆశ్రయించాడని ఆయన గురించి ఎవరూ అనగలిగేది కాదు.

ఆ దశాబ్దంలోనే ఆయనకు హార్ప్సికార్డ్ అనే మీటల వాద్యపు విద్వాంసుడు గుస్టాఫ్ లియోన్‌హార్ట్‌తోనూ, రికార్డర్ అనే మురళిజాతి వాద్యాన్ని వాయించే ఫ్రాన్స్ బ్రుఖెన్‌తోనూ స్నేహం కుదిరింది. ముగ్గురూ కలిసి కచేరీలు చేస్తూ, పాత గ్రంథాలను, లిఖిత ప్రతులను చదువుతూ, నేటి ప్రమాణమైన సెకనుకు 440 కంపనాల శ్రుతిని సుమారు అర స్వరం తగ్గించి 415 వద్ద పెట్టుకుని వాయిస్తూ, బరోక్ యుగపు సంగీతం వినిపించే తీరునే మార్చారు. 1600 నుంచి 1750 దాకా సాగిన సంగీతయుగాన్ని బరోక్ అంటారు. ఈ కృషిలో బైల్స్మా ఎక్కువగా నిర్వహించింది కంటిన్యువో పాత్రను, అంటే ప్రధాన రాగానికి ఆధారంగా నిరంతరం సాగే మంద్రస్వర పంక్తిని. గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, ఏ పదం మీద బరువు వేస్తాడో గమనిస్తూ వెంట నడవవలసిన ఆ పని వల్ల, వాద్యం పాడటమే కాదు, మాట్లాడాలి కూడా అన్న నమ్మకం ఆయనలో స్థిరపడింది.

ఆ నమ్మకానికి అసలైన పరీక్ష బాక్ రాసిన ఆరు చెల్లో సూట్ల వద్ద ఎదురైంది. సూట్ అంటే ఒక ప్రవేశిక, దాని వెంట అలెమాండ్, సరబాండ్, జీగ్ వంటి నాట్యగతుల వరుస. తోడు వాద్యం లేకుండా ఒక్క చెల్లో మాత్రమే వాయించే ఈ రచనలు సుమారు 1720 ప్రాంతంలో, బాక్ జర్మనీలోని కోతెన్ రాజాస్థానంలో ఉన్న రోజుల్లో రూపొందాయని సాధారణంగా భావిస్తారు. వీటికి బాక్ స్వహస్తంతో రాసిన ప్రతి దొరకలేదు. లభ్యమైన ప్రతుల్లో ముఖ్యమైనది ఆయన భార్య అన్నా మాగ్డలేనా చేతిరాత. 19వ శతాబ్దంలో ఎక్కువగా సాధన పాఠాల స్థాయిలోనే ఉండిపోయిన ఈ సూట్లను కచేరీ వేదికకు తెచ్చి, 1936–39 మధ్య పూర్తిగా రికార్డు చేసి లోకానికి పరిచయం చేసిన ఘనత చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్‌ది.

అన్నా మాగ్డలేనా ప్రతిలో చిక్కంతా స్లర్ అనే వంపుగీతల దగ్గర ఉంది. ఏయే స్వరాలను ఒకే కమాను లాగులో వాయించాలో ఆ గీత చెబుతుంది. నాలుగు స్వరాల గుంపులో మొదటి మూడింటిపై గీత ఉండి నాలుగోది విడిగా ఉంటే రెండు కదలికలు సరిపోతాయి: మూడు స్వరాలకు ఒక లాగు, ఒక స్వరానికి ఎదురు తోపు, తర్వాతి గుంపు మళ్లీ లాగుతోనే మొదలవుతుంది. గీత మొదటి రెండు స్వరాలపైనే ఉంటే కదలికలు మూడవుతాయి కనుక తర్వాతి గుంపు తోపుతో మొదలుకావాలి. చేతి పట్టు ఉన్న చివర నుంచి కొసకు సాగే లాగు సహజంగా బరువైనది, తోపు తేలికైనది. కాబట్టి కాగితం మీద ఒకేలా కనిపించే రెండు గుంపులు చెవికి వేరువేరు బరువులతో వినిపిస్తాయి. ఆ ప్రతిలో ఒకే రకమైన స్వరాల గుంపులకు గీతలు ఒక్కోచోట ఒక్కో రకంగా ఉండటం రాతలో అజాగ్రత్త అని భావించిన సంపాదకులు వాటిని సమం చేసి అచ్చువేస్తూ వచ్చారు. బాక్ వయొలిన్ ఏకవాద్య రచనలకు ఆయన స్వహస్త ప్రతి, అన్నా మాగ్డలేనా నకలు రెండూ ఉన్నాయి. వాటిని పోల్చినప్పుడు ఆమె గీతలు కొన్నిచోట్ల తప్పాయన్నది వారి వాదానికి బలమైన ఆధారం. బైల్స్మా మాత్రం దిద్దుబాటుకు పూనుకునే ముందు ఆ గీతలను ఉన్నవున్నట్టు చేతితో వాయించి చూడాలని పట్టుబట్టి, ఆ అసమానతలోనే మాటకు ఉండే ఒడుదొడుకులు, అనుకోని మలుపులు ఉన్నాయని వాదించి, 1998లో వెలువరించిన పుస్తకానికి బాక్‌ను కత్తిసాము గురువుతో పోల్చే పేరు పెట్టాడు. కమాను కదలికను కత్తి విసురుగా చూసే ఆ పోలిక, చేతిలోని కమానుతోనే ఆలోచించిన వాద్యకారుడికి తగినది.

ఆయన ఈ సూట్లను రెండుసార్లు పూర్తిగా రికార్డు చేశాడు. 1979 నాటి మొదటి రికార్డింగు, పాత పద్ధతిలోని చెల్లో మీద ఈ రచనలు ఎంత తేలికగా, నాట్యపు నడకతో సాగగలవో చూపింది. 1992 నాటి రెండోదానికి ఆయన ఎంచుకున్నది ఇటలీలోని క్రెమోనాలో వాద్య నిర్మాత స్ట్రాడివారి 1701లో చేసిన చెల్లో. 19వ శతాబ్దపు బెల్జియం విద్వాంసుడు సెర్వే వాయించడం వల్ల ఆయన పేరుతోనే ప్రసిద్ధమై, ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థలో ఉన్న ఆ వాద్యం, ఆ కాలపు పెద్ద చెల్లోలను చాలావాటిని తర్వాతివారు కోసి చిన్నవి చేసినా, తన నిండు పరిమాణాన్ని నిలుపుకున్న అరుదైన వాటిలో ఒకటి. ఆరో సూట్‌ను బాక్ అయిదు తీగల వాద్యానికి రాశాడు కనుక, దాన్ని బైల్స్మా చిన్న పరిమాణంలోని అయిదు తీగల చెల్లో మీదే వినిపించాడు.

భార్య, వయొలిన్ విద్వాంసురాలు వేరా బేట్స్‌తోనూ, వియోలా వాద్యకారుడు యుర్గెన్ కుస్మౌల్‌తోనూ కలిసి ఆయన నెలకొల్పిన బృందం పేరు లార్కిబుడెల్లి. కమాను, పేగు అనే అర్థమిచ్చే ఇటాలియన్ పదాల కలయిక అది. బాక్‌కే పరిమితం కాకుండా, స్వయంగా చెల్లో విద్వాంసుడైన బొకెరీని రచనలను, 19వ శతాబ్దపు చెల్లో సాహిత్యాన్ని కూడా పేగు తంత్రులపై పునరుద్ధరించిన బైల్స్మా, 2019 జులై 25న ఆమ్‌స్టర్‌డామ్‌లో కన్నుమూశాడు. ఆయన శిష్యుల్లో పేటర్ విస్పెల్వే వంటివారు పాత చెల్లోను, ఆధునిక చెల్లోను సమాన అధికారంతో వాయిస్తూ, ఒకప్పుడు రెండు శిబిరాలుగా కనిపించిన పద్ధతుల మధ్య గోడ చెరిపేశారు. బాక్ సూట్లు నేర్చుకునే విద్యార్థి నేడు అచ్చు పుస్తకం పక్కనే అన్నా మాగ్డలేనా చేతిరాత నకలును తెరిచి, ఒక్కో వంపుగీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వెతుకుతూ, తన కమానును ముందుగా ఏ వైపు కదపాలో ఆలోచిస్తున్నాడు. ఆ వెతుకులాటను సంగీతాభ్యాసంలో భాగం చేసినవారిలో బైల్స్మా ముఖ్యుడు.